ఓబక్క కోసిన పచ్చికాయలు

అనగనగా, మబ్బులు ఆకాశంలో కాక ఇళ్ళ గడపల ముందు తిరిగే ఒక చలిసీమ ఉండేదట. దాని పేరు తుహినగిరి. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడికి సూర్యుడు చుట్టపుచూపుగా వచ్చి పోయేవాడు. జనం ఎండ కోసం గోడలకు వీపులు ఆనించి కూర్చునేవారు.

అంత చలిలో ఏం పండుతుంది? జొన్న పండదు, మామిడి పండదు, అరటి పేరు కూడా వాళ్ళు వినలేదు. పండేది ఒక్కటే, కృష్ణకమలం తీగ. దాన్ని దక్షిణం ఎండ తగిలే రాతిగోడల మీదికి పాకించేవారు. రాళ్ళు పగలంతా వేడిని దాచుకుని సాయంత్రం తీగకు ఇచ్చేవి. చలికి తేనెటీగలు రావు గనుక, ఆడవాళ్ళు కోడి ఈకతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దేవారు. అప్పుడు గుండ్రని కాయలు కాసేవి. అవి ఊదారంగు తిరిగి, తొక్క ముడతలు పడి, తమంతట తామే రాలేవి. రాలిన కాయ తేనెలా ఉండేది. తొందరపడి కోసిన కాయ మాత్రం నోట పెట్టలేనంత పులుపు.

అందుకని ఆ సీమలో ఒక కట్టుబాటు పుట్టింది. కాయ పండి తనంతట తాను రాలాలి తప్ప, దాని మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. పచ్చికాయ కోసినవాళ్ళు తొలిమంచు పడేలోగా సీమ విడిచి పోవాలి. ఈ మాటను రాతి మీద చెక్కించి రాజద్వారం పక్కన నిలబెట్టారు.

తీగకు ఆ మాట చక్కగా సరిపోతుంది, కాదనను. కానీ తీగ కోసం పుట్టిన మాటను వాళ్ళు ప్రతి చెట్టుకూ కట్టారు. అక్కడ వేరే పండ్లచెట్టు లేదు గనుక, ఆ మాటలో లోపం ఉందని చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

ఇలా ఉండగా, తుహినగిరి రాజుకు దిగువ సీమ నుంచి పెళ్ళికూతురు వచ్చింది. ఆమె పేరు తరళాదేవి. వేడినేల పిల్ల. పుట్టింటి పెరట్లో ఉన్న అంజూరపు చెట్టు నుంచి జానెడు కొమ్మ విరిచి, తడిగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కొండ ఎక్కింది. రాణివాసం గోడ పక్కన తన చేత్తోనే నాటింది.

కొమ్మ బతికింది, చెట్టయింది. ప్రతి ఏడూ ఆకురాలు కాలానికి చెట్టు నిండా పచ్చటి కాయలు కాసేవి. తరళాదేవి కిటికీలోంచి వాటిని చూసి మురిసిపోయేది. అవి పండేలోగా మంచు కురిసేది. కాయలు నల్లబడి, మెత్తబడి, కొమ్మలకే కుళ్ళి వేలాడేవి. ఒక్క ఏడు కాదు, రెండేళ్ళు కాదు, నలభై ఏళ్ళు ఇదే తంతు. ఆమె భర్త పోయాడు. కొడుకు తుహినకేతుడు రాజయ్యాడు. ఆమె జుట్టు నెరిసింది. కానీ ఒక్క అంజూరపు పండైనా ఆమె నోటికి అందలేదు.

"పుట్టింటి పండు ఒక్కటి తిని పోతాను నాయనా. నాకింకే కోరికా లేదు," అనేది కొడుకుతో. రాజుకు తల్లంటే ప్రాణం. రాజ్యంలో ఏది అడిగినా తెచ్చి ఇవ్వగలడు. ఇది మాత్రం అతని చేతిలో లేదు. దిగువ సీమ నుంచి తెప్పిద్దామంటే, ఇరవై రోజుల దారిలో పండు ముద్దయిపోతుంది.

రాజుగారి తోటలో కృష్ణకమలం తీగల్ని చూసుకునే ఓబక్క అని ఒక ఆవిడ ఉండేది. వయసు మళ్ళిన మనిషి, వెనకాముందూ ఎవరూ లేరు. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. ఆమెకో మేక ఉండేది. ఒక ఏడు ఆ మేక తాడు తెంపుకుని వచ్చి, అంజూరపు చెట్టుకు ఒక పక్కనున్న కొమ్మ మీది పచ్చికాయలన్నీ శుభ్రంగా నమిలేసింది. మేకకు రాజద్వారం దగ్గరి రాతను ఎవరు చదివి వినిపిస్తారు?

ఓబక్క భయపడి, ఎవరికంటా పడకుండా ఆ బోసికొమ్మ మీద ఎండుగడ్డి కప్పింది. తరవాత ఆ సంగతే మరిచిపోయింది. మరుసటి వేసవిలో గడ్డి తీసి చూస్తే, ఆ కొమ్మ చివర రెండు అంజూరపు పండ్లు! ఊదారంగులో, మెత్తగా, అడుగున తేనెచుక్కతో ఉన్నాయి. ఆమె బుట్ట తెచ్చేలోగా పికిలిపిట్టలు వాటిని తొడిమెతో సహా తినేశాయి.

ఓబక్క ఆ రోజంతా చెట్టు కింద కూర్చుని ఆలోచించింది. ఆకురాలు కాలంలో చెట్టు మీద రెండు రకాలు ఉంటాయి. నిమ్మకాయంత పచ్చికాయలు కొన్ని. వాటికి పైన, కొమ్మ కొసన, శనగగింజంత పిందెలు కొన్ని. పెద్దవి ఈ ఏడు పండవు, వాటికి చాలినంత ఎండ లేదు. పండకపోగా కుళ్ళి, ఆ కుళ్ళు కొమ్మలోకి దిగి, కొస దాకా చంపేస్తుంది. పెద్దవాటిని తీసేసి, గడ్డి చుట్టి కాపాడితే, ఆ శనగగింజలే చలి దాటి వచ్చే వేసవికి పండుతాయి.

నలభై ఏళ్ళుగా చెట్టు ఇదే చెబుతోంది. వినేవాళ్ళు లేరు.

మొదటి ఏడు ఓబక్క రాజుగారి ఎదుటకు వెళ్ళి దణ్ణం పెట్టింది.

"ఏలినవారూ, అంజూరం పండించవచ్చు. కాకపోతే కార్తీకంలో పెద్ద కాయలన్నీ కోసి పారెయ్యాలి."

రాజు నవ్వాడు. "కోసి పారేస్తే పండుతుందా ఓబక్కా? తీగల మధ్య తిరిగి తిరిగి నీ బుర్ర కూడా మెలిపడింది. పో, వెళ్ళి నీ పని చూసుకో."

సభలో అందరూ నవ్వారు. ఆ శీతకాలం కాయలన్నీ కుళ్ళాయి.

రెండో ఏడు ఓబక్క మళ్ళీ వచ్చింది. ఈసారి అడిగింది ఇంకా తక్కువ.

"ఒక్క కొమ్మ ఇప్పించండి చాలు. ఒక్క కొమ్మ మీద చేసి చూపిస్తాను."

రాజు మనసు కొంచెం కదిలింది. తల్లిని అడిగాడు. తరళాదేవి ముఖం ముడుచుకుంది. "నా పుట్టింటి చెట్టు అది. నలభై ఏళ్ళుగా ఒక్క కాయ మీద చెయ్యి పడనివ్వలేదు. ఈ ఏడు ఎండ బాగానే ఉంది కదా, పండుతాయేమో చూద్దాం," అంది.

ఎండ బాగానే ఉంది, నిజమే, నాలుగు రోజులు ఎక్కువ కాసింది. తరవాత మంచు కురిసింది. కాయలన్నీ కుళ్ళాయి.

మూడో ఏడు వచ్చేసరికి తరళాదేవి మంచం పట్టింది. దగ్గుతో రాత్రిళ్ళు నిద్రలేదు, తిండి సహించదు. వైద్యుడు నాడి చూసి రాజును పక్కకు పిలిచాడు. "ఇంకొక్క వేసవి చూస్తారు ప్రభూ. రెండోది చూడరు."

ఈ మాట తోటలోకీ పాకింది. ఓబక్క విన్నది. వేళ్ళు మడిచి నెలలు లెక్క పెట్టుకుంది. వచ్చే వేసవికి పండు కావాలంటే కాయలు ఈ కార్తీకంలోనే తీయాలి. అడిగితే మళ్ళీ వద్దంటారు. వద్దన్నాక చేస్తే రాజధిక్కారం. అడగకుండా చేసినా శిక్ష ఎలాగూ తప్పదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

అయినా ఒక పొద్దున, బాగా తెల్లవారాక, అందరూ చూస్తుండగా ఓబక్క నిచ్చెన వేసుకుని అంజూరపు చెట్టెక్కింది. పెద్ద కాయలు ఒక్కొక్కటే కోసింది. కోసిన చోట తెల్లటి పాలు కారి చేతులు మండాయి. శనగగింజంత పిందెల జోలికి పోలేదు. మధ్యాహ్నానికి చెట్టు బోసిగా నిలబడింది. అప్పుడు కొమ్మల్ని దగ్గరికి లాగి కట్టి, ఎండుగడ్డి మందంగా చుట్టి, పైన గోనె కప్పింది. పని పూర్తయ్యాక నిచ్చెన దిగి అక్కడే కూర్చుంది. ఎక్కడికీ పారిపోలేదు.

భటులు వచ్చి పట్టుకుపోయారు. ఊరు ఊరంతా రాజద్వారం ముందు చేరింది.

కట్టుబాట్లు చూసే సోమనాథుడు అనే ధర్మాధికారి ఒకడుండేవాడు. చెడ్డవాడు కాదు. ముసలావిడను చలిలోకి తోలడం అతనికీ ఇష్టం లేదు. దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు:

"ఏమమ్మా, నీ మేక ఒకసారి కాయలు తినడం తోటలో ఎవరో చూశారటగా. ఇప్పుడూ మేకే తిన్నదని ఒక్క మాట అను. మేకకు శిక్ష లేదు. నువ్వూ నీ గుడిసెలో ఉంటావు."

ఓబక్క చేతుల వైపు చూసుకుంది. అరచేతులు పొక్కులెక్కి ఉన్నాయి.

"మేక తిన్నదంటే, పండు వచ్చాక అదేదో దైవలీల అనుకుంటారయ్యా. మరుసటి ఏడు మళ్ళీ కాయలు కొమ్మకే వదిలేస్తారు. మళ్ళీ కుళ్ళుతాయి. మనిషి చెయ్యాల్సిన పని ఇది. మనిషే చేసిందని తెలియాలి. నేనే కోశాను."

సోమనాథుడు నిట్టూర్చి పక్కకు తప్పుకున్నాడు.

తుహినకేతుడు కోపంతో ముందుకు వచ్చాడు. "మా అమ్మకు మిగిలింది ఆ చెట్టు ఒక్కటే. ఆమె కళ్ళ ముందే దాన్ని బోసి చేశావు. నీకు చేతులెలా వచ్చాయి?"

"అమ్మగారికి వేసవిలో పండు పెట్టాలని చేశాను ప్రభూ. నన్ను పంపించినా ఫర్వాలేదు. ఫాల్గుణంలో గడ్డి విప్పించండి. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. అంతే నేను కోరేది."

పైన రాణివాసం కిటికీ దగ్గర మంచం మీద నుంచి చూస్తున్న తరళాదేవి ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆ చెట్టు దగ్గరికి ఇక ఎవరూ పోకూడదని రాజు ఆజ్ఞ వేశాడు.

తొలిమంచు పడకముందే ఓబక్క మేకను తోలుకుని కనుమ దాటి వెళ్ళిపోయింది. వెళ్తుంటే ఎవరూ పలకరించలేదు. పలకరించాలని ఉన్నవాళ్ళు కూడా తలుపులు వేసుకున్నారు.

ఆ ఏటి చలి మామూలు చలి కాదు. కుండల్లో నీళ్ళు రాయిలా గట్టిపడ్డాయి. కృష్ణకమలం తీగలు నేల దాకా మాడిపోయాయి. తరళాదేవి మంచం మీద పడుకుని రోజూ కిటికీలోంచి ఆ గడ్డిమూటనే చూసేది. గోనె కప్పిన ఆ ఆకారం పాడె మీది శవంలా అనిపించి కళ్ళు మూసుకునేది. ఆ ఏడు చెట్టు మీద కుళ్ళిన కాయ ఒక్కటీ వేలాడలేదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

ఫాల్గుణం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె దాసీని పిలిచి, "ఆ గోనె తీసెయ్యి. నా చెట్టు చచ్చిందో బతికిందో కళ్ళారా చూస్తాను," అంది. దాసీ కాస్త గోనె తీసి, కాస్త గడ్డి లాగి చూసి, అక్కడే నిలబడిపోయింది. తరవాత పరుగున వచ్చింది.

"అమ్మగారూ, కొమ్మలు పచ్చగా ఉన్నాయి. కొసల్లో శనగగింజల్లా పిందెలున్నాయి. ఒక్కటీ నల్లబడలేదు."

తరళాదేవి ఓబక్క చెప్పినట్టే గడ్డి కొంచెం కొంచెంగా తీయించడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రమే కొడుకును పిలిపించింది.

"నాయనా, ఆ మనిషి చెప్పింది నిజమయ్యేలా ఉంది. వెంటనే మనిషిని పంపు. ఓబక్కను వెనక్కి పిలిపించు."

రాజు తల గోక్కున్నాడు. "పిందెలే కదమ్మా. పండుతాయో లేదో తెలియదు. ఇప్పుడే పిలిపించి, రేపు ఇవి కూడా రాలిపోతే నలుగురూ నవ్వుతారు. కట్టుబాటు మీద ఎవరికీ గౌరవం ఉండదు. పండనీ. పండితే సగౌరవంగా పల్లకిలో తెప్పిస్తాను."

"ముందు మనిషిని పిలు నాయనా, పండు సంగతి తరవాత," అంది తల్లి.

రాజు ఆ మాట చెవిన పెట్టలేదు. నాకు ఈ రాజు మీద కోపం వస్తుంది పిల్లలూ, దాచుకోను. అతను క్రూరుడు కాదు. తల్లిని ప్రేమించినవాడే. కానీ తాను పొరబడ్డానని ఒప్పుకోవడానికి అతనికి ఒక పండు సాక్ష్యం కావాల్సి వచ్చింది.

చైత్రంలో ఆకులు వేశాయి. వైశాఖంలో పిందెలు ఉసిరికాయంత అయ్యాయి. జ్యేష్ఠంలో రంగు తిరిగాయి. ఆషాఢం మొదటి వారంలో అంజూరాలు పండాయి. ఒకటి కాదు రెండు కాదు, చెట్టు నిండా పండ్లు. నలభై మూడేళ్ళలో మొదటిసారి రాణివాసం పెరడంతా తియ్యటి వాసన నిండింది. ఊరి జనం గోడ మీదినుంచి తొంగి చూశారు. మొన్న తలుపులు వేసుకున్నవాళ్ళే ఇవాళ, "మేం అప్పుడే అనుకున్నాం," అన్నారు.

రాజు తన చేత్తో ఒక పండు కోసి, వెండిపళ్ళెంలో పెట్టి తల్లి దగ్గరికి తెచ్చాడు. తరళాదేవి దాన్ని చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"పండించిన మనిషి వచ్చాక తింటాను."

రాజు ముగ్గురు రౌతుల్ని మూడు దారుల్లో పంపాడు.

మొదటి రౌతు మూడో రోజున తిరిగి వచ్చాడు. "తూర్పు లోయలో ఎవరూ చూడలేదట ప్రభూ."

రెండో రౌతు అయిదో రోజున వచ్చాడు. "పడమటి ఊళ్ళలో ఆమెను ఎరిగినవాళ్ళు లేరు ప్రభూ."

మూడో రౌతు ఎనిమిదో రోజున వచ్చాడు. గుర్రం దిగి తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. పళ్ళెంలోని పండు రోజూ వాడిపోయేది. ప్రతి పొద్దునా దాన్ని తీసి కొత్తది పెడుతూనే ఉన్నారు.

"చెప్పవయ్యా," అంది తరళాదేవి.

"కనుమకు అవతల గొర్రెలకాపరుల పల్లె ఉందమ్మా. వాళ్ళ కొట్టంలో తలదాచుకుందట. చలి రొమ్ములో చేరింది. అయినా శీతకాలం దాటింది. ఫాల్గుణం నుంచి రోజూ కనుమ మీదికి వచ్చి కూర్చునేదట, కొండ మీదినుంచి గుర్రం వస్తుందేమోనని. కాపరులు వద్దన్నా వినేది కాదట. వైశాఖం చివర్లో ఇక లేవలేకపోయింది. ఆఖరి రోజున వాళ్ళను ఒకటే అడిగిందట, గడ్డి విప్పారో లేదో మీకేమైనా తెలిసిందా అని."

అక్కడే ఉన్న సోమనాథుడు ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

వైశాఖం చివర అంటే, పిందెలు ఉసిరికాయంత అయిన నెల. ఫాల్గుణంలో గుర్రం బయలుదేరి ఉంటే నాలుగు రోజుల్లో కనుమ చేరేది. ఓబక్క తన గుడిసెలో, నిప్పుల కుంపటి పక్కన, రాజవైద్యుడి మందు తాగి లేచి కూర్చునేది. ఈ లెక్క ఎవరూ పైకి అనలేదు. రాజు మనసులో అదే తిరిగింది.

"అమ్మా, నువ్వు చెప్పావు, నేను వినలేదు," అన్నాడు.

"నేను మాత్రం ఏం విన్నాను నాయనా? ఒక్క కొమ్మ అడిగితే ఇవ్వలేదు. పోతుంటే ముఖం తిప్పుకున్నాను."

తరళాదేవి పండు చేతిలోకి తీసుకుంది. దాసీలు వద్దనబోయారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "తినాలి. తినకపోతే ఆమె చేసిన పని కూడా వృథా అవుతుంది."

కొరికింది. పుట్టింటి రుచే. చిన్నప్పుడు పెరట్లో తిన్న అదే తీపి. నలభై మూడేళ్ళు ఎదురు చూసింది దానికోసమే. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, నమలలేక నమలలేక ఆ ముద్ద మింగింది. ఆ తరవాత ఇంకో పండు తినలేదు. ఆకురాలు కాలం రాకముందే ఆమె కన్ను మూసింది.

కార్తీకం వచ్చింది. అంజూరపు చెట్టు నిండా మళ్ళీ పచ్చికాయలు. తుహినకేతుడు ఊరందరినీ పిలిపించి, వాళ్ళ ఎదుట తానే నిచ్చెన ఎక్కాడు. పెద్ద కాయలన్నీ కోశాడు. పాలు కారి చేతులు పొక్కులెక్కినా ఆపలేదు. దిగి వచ్చి, రాజద్వారం దగ్గరి రాతిని పీకించి, దాని బదులు ఇంకో రాయి నిలబెట్టించాడు. ఎవరు ఎంత చేదు మాట చెప్పినా, ఆ మాట నిజమో కాదో తేలేదాకా వాళ్ళను సీమ దాటించరాదని దాని మీద చెక్కించాడు.

అప్పటి నుంచి తుహినగిరిలో ఏటేటా అంజూరాలు పండుతున్నాయి. జనం తింటున్నారు, బాగున్నాయంటున్నారు. రాజు మాత్రం ఆ పండు ఎన్నడూ ముట్టలేదు. ఆషాఢం రాగానే మొదటి పండును కనుమ మీదికి తీసుకుపోయి, ఓబక్క కూర్చున్న బండ మీద పెట్టి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చేవాడు. పండు చేరినా, మనిషి లేదు కదా.

అందుకే పిల్లలూ, నచ్చని నిజం చెప్పినవారిని ఆ నిజం పండేదాకా మన దగ్గరే ఉంచుకోవాలి. పండాక పిలుద్దామనుకుంటే, పండు ఉంటుంది గానీ పలికే మనిషి ఉండకపోవచ్చు.